అప్‌డేట్: అమ్మమ్మ పెట్టెలో దొరికిన గుండ్రటి బిళ్ళలు

బరంపురంలో మా అమ్మమ్మ ట్రంకుపెట్టెలో దొరికిన, బొమ్మలేసిన గుండ్రటి బిళ్ళలు ఏమిటని అడిగాను కదా. అవి పేకముక్కలండీ! పేరు గంజపా. మొఘలులు ఆడిన గంజీఫా అనే పేకాట ఒడిశాకొచ్చి ఇలా మారింది. 1527లో బాబరు సింధు పాలకుడు షా హసన్‌కి గంజీఫా పంపించినట్టు తనే రాసుకున్నాడు.

మా వీధిలోని ఒడియా పెద్దాయన చూడగానే గుర్తుపట్టారు. మత్స్యం, కూర్మం ఉన్నాయి కాబట్టి ఇది దశావతారాల కట్ట: 10 రంగులు (ఇస్పేటు, ఆఠీను లాంటి జాతులు), రంగుకి 12 చొప్పున 120 ముక్కలు. రంగుకో రాజు, మంత్రి, 1 నుంచి 10 దాకా అంకెలు. నన్ను కట్టిపడేసింది ఆట లెక్క. సగం రంగుల్లో మంత్రి తర్వాత 10 పెద్దది, మిగతా సగంలో 1 పెద్దది! ఏ రంగు ఏ వైపో గుర్తుపెట్టుకుని ఆడాలి.

పాత గుడ్డ పొరల్ని చింతపిక్కల జిగురుతో అతికించి, సుద్ద పూసి, గుండ్రంగా కోసి, బొమ్మలేసి, పైన లక్క పట్టిస్తారు. అందుకే ఇన్నేళ్ళయినా చెక్కుచెదరలేదు. ఎంత పనితనమో!

పూరీ దగ్గరి రఘురాజపురంలో వీటిని ఇప్పటికీ చేస్తారు. మన పర్లాకిమిడి వైపు ఆడేవాళ్ళు ఎవరైనా తెలిస్తే చెప్పండి, వచ్చి నేర్చుకుంటాను.