మ్యూనిక్‌లో ఉంటూ అమ్మానాన్నల్ని గ్రూప్ బస్సు టూర్‌లో పంపడం తప్పా?

ఇసార్_ఒడ్డున

అందరికీ నమస్కారం. ఇది కాస్త ఇంటి గొడవలాంటి ప్రశ్న. ఇంట్లో అడిగితే గొడవ ఒక్కటే మిగులుతోంది కాబట్టి ఇక్కడ అడుగుతున్నా.

నాలుగేళ్ళుగా మ్యూనిక్‌లో ఉద్యోగం. మే నెలలో అమ్మానాన్నలు మొదటిసారి వస్తున్నారు, ఆరు వారాలు ఉంటారు. నాన్నకి 67, హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. అమ్మకి 62, మోకాళ్ళ నొప్పులు, చదునుగా ఉంటే ఎంతైనా నడుస్తుంది, మెట్లంటే మాత్రం కష్టం. నాకు ఎంత సర్దుకున్నా 9 రోజులకి మించి సెలవు లేదు.

హైదరాబాద్ నుంచి వచ్చే ఒక గ్రూప్ టూర్ చూశాను. 11 రోజులు. పారిస్, బ్రస్సెల్స్, ఆమ్‌స్టర్‌డామ్, కొలోన్, బ్లాక్ ఫారెస్ట్, స్విట్జర్లాండ్, ఇన్స్‌బ్రక్, వెనిస్, పీసా, ఫ్లోరెన్స్, రోమ్. వీళ్ళు పారిస్‌లో గ్రూప్‌తో కలిసి రోమ్‌లో విడిపోవచ్చట. రాత్రిపూట మన భోజనం, తెలుగు మాట్లాడే టూర్ మేనేజర్. నాకు బాగానే ఉందనిపించింది. మా చెల్లెలు మాత్రం ఫోన్‌లో "కొడుకువి అక్కడే ఉండి ఎవరి చేతిలోనో పెట్టి పంపిస్తావా" అని దులిపేసింది. అప్పట్నుంచి బుకింగ్ పేజీ తెరవడం, మూసేయడం, ఇదే పని. మీరే చెప్పండి.

రైలుపిచ్చోడు

చెల్లెలు చెప్పిందే కరెక్టు బ్రో. 11 రోజుల్లో 7 దేశాలు. చూడు, బ్రోచర్‌లో 9 అని వేసి ఉంటారు, వాటికన్‌ని, లీక్టెన్‌స్టైన్‌ని కూడా దేశాల లెక్కలో కలుపుతారు కదా. లీక్టెన్‌స్టైన్ అంటే వడూజ్‌లో బస్సు ఆపి, కోట కొండమీద ఉంది చూడండి అని చెయ్యి చూపించి, మళ్ళీ ఎక్కించేస్తారు. బ్రస్సెల్స్‌లో ఉచ్చపోసే బుడ్డోడి విగ్రహం రెండడుగులు కూడా ఉండదు, దానికోసం నలభై మందిని దింపి, లెక్కపెట్టి, ఎక్కించేసరికి గంట పోతుంది.

పారిస్ నుంచి జూరిక్‌కి నేరుగా పోయినా రోడ్డు మీద ఆరు వందల కిలోమీటర్ల పైమాటే. హైదరాబాద్‌లో బస్సెక్కి తిరుపతిలో దిగినంత. ఈ బస్సేమో చుట్టూ తిరిగి పోతుంది, సగం టైం కిటికీలోంచి హైవే చూడ్డమే. అదే పారిస్ నుంచి జూరిక్‌కి రైల్లో నాలుగు గంటలు. నీ 9 రోజుల్లో నాలుగు పారిస్‌కి, ఐదు స్విట్జర్లాండ్‌కి పెట్టు. స్విస్ ట్రావెల్ పాస్ తీసుకుంటే రైలు, బస్సు, సరస్సులో పడవ అన్నీ అందులోనే, రిగీ కొండకి కూడా విడిగా టికెట్ అక్కర్లేదు, టిట్లిస్ కొండకి సగం ధర. లూసర్న్‌లో ఒకే గదిలో దిగి రోజూ అటూ ఇటూ తిరిగి రండి. అమ్మ అలిసిపోతే ఆ రోజు మానేస్తారు, ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు.

కాకినాడ_కాజా

రైలుపిచ్చోడు గారూ, మీరు ఎప్పుడైనా మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషిని, 23 కిలోల పెట్టెలు రెండింటిని వేసుకుని జర్మనీలో రైలు మారారా? నేను మారాను. అత్తయ్యగారు, మావయ్యగారు, నేను, మా రెండేళ్ళ వాడు. మధ్యలో జంక్షన్‌లో మారడానికి 9 నిమిషాలు, మా రైలే 6 నిమిషాలు లేటు, దిగేసరికి ప్లాట్‌ఫాం మారిందని ప్రకటన, అది జర్మన్‌లో, లిఫ్ట్ ముందు సైకిళ్ళవాళ్ళ క్యూ. మావయ్యగారు పెట్టె నెత్తిన పెట్టుకుని మెట్లు దిగారు, నిజంగానే నెత్తిన. రైలు మా కళ్ళముందే వెళ్ళిపోయింది. అత్తయ్యగారు ప్లాట్‌ఫాం మీదే పెట్టెమీద కూర్చుని "నాకు ఏ దేశమూ వద్దు, ఇంటికి తీసుకుపో" అన్నారు. సీట్ రిజర్వేషన్ పోయిన ఆ రైల్లోదే కాబట్టి తర్వాతి దాంట్లో గంటన్నర నిలబడి వెళ్ళాం.

బస్సయితే పెట్టె కింద అరలో పడేస్తే మళ్ళీ హోటల్ గుమ్మం దగ్గరే దింపుకోవడం. ఈ వయసువాళ్ళకి ఆ ఒక్క సుఖం చాలు. నా ఓటు టూర్‌కే.

టాకోగ్రాఫ్

నేను స్టుట్‌గార్ట్‌లో రవాణా లైన్‌లో పనిచేస్తాను. ఎటు ఓటు వేసినా, బస్సు టూర్ ఎందుకలా పరిగెత్తిస్తుందో తెలుసుకుని వేయండి. "గైడ్ తొందరపెట్టాడు, పది నిమిషాలు లేటయితే మొహం మాడ్చుకున్నాడు" అని మనవాళ్ళు తిడుతుంటారు. గైడ్‌ది కాదు, డ్రైవర్ గడియారం అది. యూరోపియన్ యూనియన్ 561/2006 నిబంధన ప్రకారం డ్రైవర్ రోజుకి 9 గంటలే నడపాలి, వారంలో రెండు రోజులు 10 దాకా పోవచ్చు. నాలుగున్నర గంటలు నడిపాక మొత్తం 45 నిమిషాల బ్రేక్ తప్పనిసరి. రాత్రి 11 గంటల విశ్రాంతి, వారంలో మూడుసార్లకి మించకుండా 9కి తగ్గించవచ్చు. ఇదంతా బండిలో టాకోగ్రాఫ్ అనే మీటరు రికార్డు చేస్తుంది, పోలీసులు ఆపి కార్డు చూస్తే జరిమానా.

ఇప్పుడు లెక్క వేసుకోండి. రాత్రి డిన్నర్ దగ్గర ఎవరో షాపింగ్‌లో ఉండిపోయి బస్సు హోటల్‌కి 9:30కి చేరిందనుకుందాం. మామూలు విశ్రాంతి అయితే మర్నాడు ఉదయం 8:30కి ముందు బస్సు కదలకూడదు. 7:30కి కదలాల్సింది 8:30 అయితే ఆ గంట ఎక్కడ కోస్తారు? మీరు చూడాల్సిన ఊర్లోనే. కాబట్టి గ్రూప్‌లో లేటుగా వచ్చే కుటుంబం ఒక్కటి ఉంటే చాలు, అందరి ఫ్లోరెన్స్ సగం అవుతుంది.

రెండోసారి_వద్దు

టాకోగ్రాఫ్ అన్న చెప్పిన మాట నిజమే కానీ అన్నీ డ్రైవర్ గడియారం మీదికి తోసెయ్యొద్దు. మేము నిరుడు ఇలాంటి రూట్‌లోనే వెళ్ళాం, కంపెనీ పేరు చెప్పను. పారిస్ హోటల్ అన్నారు, దిగాక చూస్తే రొయిస్సీలో, ఎయిర్‌పోర్ట్ పక్కన, ఊరికి 25 కిలోమీటర్లు. రాత్రి ఈఫిల్ టవర్ దీపాలు గంటకోసారి ఐదు నిమిషాలు మెరుస్తాయి కదా, మా ఆవిడ దానికోసమే వచ్చింది. మేలో పారిస్‌లో చీకటి పడేది పదింటికి. మమ్మల్ని 9కే హోటల్‌కి తోలుకెళ్ళారు. టవర్ ఎక్కించింది కూడా రెండో అంతస్తు దాకే, 116 మీటర్లు. పైదాకా అయితే 276. కాగితంలో "ఈఫిల్ టవర్ సందర్శన" అనే ఉంది, అబద్ధం అనలేం.

ఇంకా ఆ భాష నేర్చుకోవాలి మీరు. "ఓరియెంటేషన్ టూర్" అంటే బస్సు దిగనివ్వరు. "ఫోటో స్టాప్" అంటే పావుగంట. లూవ్ర్ మ్యూజియం అని రాసి ఉంటే గాజు పిరమిడ్ బయట నిలబెట్టి ఫోటో. బ్లాక్ ఫారెస్ట్‌లో కోయిల గడియారం ఎలా పనిచేస్తుందో పది నిమిషాలు చూపిస్తారు, తలుపు తెరిస్తే షాపు, అందులో గంట. ఫ్లోరెన్స్‌కి గంటన్నర, క్రిస్టల్ షాపుకి రెండు గంటలు!

రైలుపిచ్చోడు

విన్నారా కాజా గారూ. పెట్టె మోయకుండా ఉండటానికి ఇంత ఇచ్చుకోవాలా?

కాకినాడ_కాజా

మోసింది మీరు కాదు కదా, అందుకే అలా అంటున్నారు.

ఖమ్మం_పెద్దాయన

పిల్లలందరూ మా గురించే మాట్లాడుకుంటున్నారు, మమ్మల్ని అడిగినవాళ్ళు లేరు. నాకు 70 నిండాయి. రెండేళ్ళ క్రితం నేనూ మా ఆవిడా ఇలాంటి బస్సులోనే పోయి వచ్చాం. మా అబ్బాయి ఉండేది డబ్లిన్‌లో, వాడూ మీలాగే బాధపడ్డాడు.

బస్సులో 42 మందిమి. మొదటిరోజు ఎవరికెవరూ తెలీదు, ముందు సీట్ల కోసం ఇద్దరు పెద్దమనుషులు పోట్లాడుకున్నారు కూడా. తర్వాత మేనేజరు రోజూ రెండు వరసలు వెనక్కి జరగాలని రూలు పెట్టాడు. మూడోరోజుకి జగిత్యాల వాళ్ళ కారప్పూస, భీమవరం వాళ్ళ నువ్వుల పొడి బస్సంతా తిరుగుతున్నాయి. హైవే మీద టాయిలెట్‌కి మనిషికో యూరో, చిల్లర వేస్తే గానీ గేటు తెరుచుకోదు. ఇచ్చే చీటీ పక్క దుకాణంలో చెల్లుతుంది, యూరో తగ్గుతుంది. ఆడవాళ్ళంతా చీటీలు పోగేసి ఒకావిడ చేతికిస్తే ఆవిడ చాక్లెట్లు కొనుక్కొచ్చి అందరికీ పంచింది. మా ఆవిడ ఇప్పటికీ టిట్లిస్ కొండ గురించి రెండు ముక్కలు చెప్తే, ఆ చీటీల గురించి పది ముక్కలు చెప్తుంది.

లోపాలు లేవని కాదు. స్విట్జర్లాండ్‌లో యుంగ్‌ఫ్రౌయోక్ అనే మంచు కనుమ మీద, అది 3,454 మీటర్ల ఎత్తు, ఆమెకి ఆయాసం వచ్చింది. మంచులోకి పోకుండా గంటసేపు లోపల బెంచీ మీదే కూర్చున్నాం. మా కోసం బస్సు ఆగదు, రైలు ఆగదు. కొడుకు వెంట ఉంటే ధైర్యంగా ఉండేదేమో. అదీ నిజమే.

టాకోగ్రాఫ్

పెద్దాయన గారూ, ఒక మాట. ఆ గంట మీరు కూర్చున్నప్పుడు టూర్ మేనేజర్ మీ దగ్గర ఉన్నాడా?

ఖమ్మం_పెద్దాయన

లేడు. 40 మందిని చూసుకోవాలి కదా పాపం. భీమవరం ఆవిడ కూర్చుంది, మంచులోకి పోవడం మానుకుని. నీళ్ళిచ్చి, మాటల్లో పెట్టింది.

వీసా_బాధితురాలు

మీరంతా ఎమోషన్‌లో పడి అసలు పని మర్చిపోయారు. ఇసార్ గారూ, అమ్మగారి వాళ్ళు ఎక్కువ రోజులు ఉండేది మీ దగ్గరే కాబట్టి షెంగెన్ వీసా (ఈ దేశాలన్నిటికీ కలిపి ఒకటే వీసా) జర్మనీ ద్వారానే వేయాలి. టూర్ వాళ్ళు గ్రూప్‌తో కలిపి ఫ్రాన్స్‌దో ఇటలీదో వేస్తామని పాస్‌పోర్టులు అడుగుతారు, ఇవ్వకండి. విమానం లేకుండా "ల్యాండ్ ఓన్లీ" ప్యాకేజీ అడగండి. మీ అప్లికేషన్‌లో టూర్ తేదీలు దాచకుండా చూపించండి. ఇన్సూరెన్స్ ఆరు వారాలకీ ఉండాలి, కనీసం 30,000 యూరోల కవరేజీ. టూర్ వాళ్ళిచ్చే ఇన్సూరెన్స్ 11 రోజులకే ఉంటుంది, దాన్ని నమ్ముకుంటే కౌంటర్ దగ్గరే ఆపేస్తారు. ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు, స్లాట్ దొరకడమే గగనం, ఈ చర్చ తెగేదాకా ఆగకండి.

ఇంకోటి, వాటికన్‌లో భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి. అమ్మగారి చీరకి ఏ ఇబ్బందీ లేదు. నాన్నగారు షార్ట్స్ కొనుక్కుంటానంటే మాత్రం ఆపండి.

రైలుపిచ్చోడు

సరే, పెద్దాయన గారి మాటకి నా దగ్గర జవాబు లేదు. అయినా నా అభిప్రాయం మారలేదు. ఇసార్ బ్రో, కనీసం నీ 9 రోజులు కలిపి వాడకు. శుక్రవారం, సోమవారం సెలవు పెట్టుకుంటూ పో. బవేరియా టికెట్ అని ఒక రోజు రైలు టికెట్ ఉంటుంది, అది ఒకటి తీసుకుంటే ముగ్గురూ ఒకేదాని మీద సాల్జ్‌బర్గ్ దాకా పోయి రావచ్చు, మామూలు రోజుల్లో ఉదయం 9 దాటాక ఎక్కాలి, అంతే. పెట్టెలుండవు, రాత్రికి ఇంట్లో పెరుగన్నం. అది మాత్రం నువ్వే తీసుకెళ్ళు.

ఇసార్_ఒడ్డున

అందరికీ థాంక్స్. నిన్న రాత్రి వీడియో కాల్‌లో ఇద్దరినీ కూర్చోబెట్టి అడిగాను, ఇన్నాళ్ళూ అడగనందుకు సిగ్గేసింది. నాన్న ముందు ఏమీ అనలేదు. తర్వాత, "నీతో హైదరాబాద్‌లో తిరిగినప్పుడే చూశాంగా. నువ్వు ఫోన్‌లో దారి వెతుక్కుంటూ ఉంటావు, మేము నీ మొహం చూస్తూ నిలబడతాం. బస్సయితే అందరితో పాటు మేమూను" అన్నారు. కాస్త గుచ్చుకుంది. ఆయన దగ్గర పాత అట్లాసు ఒకటి ఉంది, క్లాసులో చూపించేది, అందులో ఆల్ప్స్ మీద అప్పుడే పెన్సిల్ గీతలు పడ్డాయి.

అమ్మ అడిగింది ఒకటే, టులిప్ తోట ఉంటుందా అని. చూస్తే ఆమ్‌స్టర్‌డామ్ దగ్గరి కోకెన్‌హోఫ్ తోట మే రెండో వారానికల్లా మూసేస్తారు, మేము అనుకున్న బ్యాచ్ మే 16ది. ఏప్రిల్ చివర్లో ఇంకో బ్యాచ్ ఉంది, దానికి మారిస్తున్నా, వాళ్ళ ప్రయాణం కూడా ముందుకి జరుపుతున్నాం. హోటళ్ళ పేర్లు మెయిల్‌లో అడిగాను, "ఆర్ సిమిలర్" (అదే గానీ, అలాంటిదే ఇంకోటి గానీ) అని జవాబొచ్చింది. మళ్ళీ అడిగాను. మిగిలిన రోజుల్లో సాల్జ్‌బర్గ్, ఇంకా రెండు మూడు చోట్లకి నేనే తిప్పుతాను. చెల్లెలితో ఇంకా మాటల్లేవు.

ఒక్క డౌట్ మిగిలింది. వెనిస్‌లో అమ్మ మోకాళ్ళకి ఎలా? బస్సు ఎక్కడిదాకా వెళ్తుంది?

ఖమ్మం_పెద్దాయన

ట్రొంకెట్టో అనేచోట బస్సు ఆగుతుంది బాబూ, అక్కడ్నుంచి పడవ. పడవ దిగినచోటి నుంచి సెయింట్ మార్క్ స్క్వేర్‌కి గట్టు వెంట చదునే కానీ మధ్యలో కాలవల మీద చిన్న వంతెనలు తగుల్తాయి, వాటికి మెట్లుంటాయి. చివరి వంతెన మీద జనం విపరీతం, అందరూ పక్కనే పాత జైలుకి వెళ్ళే వంతెన ఫోటో కోసం అక్కడే ఆగుతారు. రెయిలింగ్ వైపుకి జరిగి మెల్లగా ఎక్కమనండి. మా ఆవిడ అక్కడే ఆగిపోయి, మీరు చూసి రండి అంది. నేనూ ఆగాను. ఆ స్క్వేర్ నేను చూడలేదు.