హెచ్-4 వీసాపై కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలో చేరడం: ఫీజు, దరఖాస్తు గురించి సలహా కావాలి

సన్నీవేల్ గృహిణి అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను కిందటి సంవత్సరం సెప్టెంబరు మొదటి వారంలో హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగుల కుటుంబ సభ్యులకు ఇచ్చే) వీసాపై కాలిఫోర్నియా వచ్చాను. మా వారు హెచ్-1బి ఉద్యోగ వీసా మీద పనిచేస్తున్నారు. ఆయన ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం యజమాని వేసే అర్జీ) ఇంకా ఆమోదం పొందలేదు కనుక నాకు పనిచేసే అనుమతి ఇప్పట్లో రాదు. గుంటూరులో బి.ఎస్సీ. చదివి, ఆ తరువాత ఒక ప్రైవేటు బడిలో ఎల్.కె.జి., యు.కె.జి. పిల్లలకు పాఠాలు చెప్పాను. చిన్నపిల్లలతో పనిచేయడం నాకు ఎంతో ఇష్టం. ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో ఎర్లీ చైల్డ్‌హుడ్ ఎడ్యుకేషన్ కోర్సులు చదివితే, అనుమతి వచ్చే నాటికి చేతిలో ఒక అర్హత ఉంటుందని అనుకుంటున్నాను.

ఆగస్టు చివర తరగతులు మొదలయ్యే ఒక కాలేజీకి ఫోను చేస్తే, మీరు నాన్ రెసిడెంట్, ఫీజు వేరు అని చెప్పి ముగించారు. హెచ్-4 వారికి స్థానికుల ఫీజు ఎప్పటికీ వర్తించదా? నాగార్జున విశ్వవిద్యాలయం నుంచి ట్రాన్‌స్క్రిప్టులు తెప్పించి వాటికి మూల్యాంకనం చేయించిన తరువాతే దరఖాస్తు చేయాలా? నాకు సోషల్ సెక్యూరిటీ నంబరు లేదు. పైగా పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండడం వల్ల వీసా మీద నా పేరు ముందు ఎఫ్.ఎన్.యు. (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడింది. ఇవన్నీ అడ్డంకులు అవుతాయేమోనని భయంగా ఉంది. ఈ దారిలో నడిచినవారు ఎవరైనా వివరంగా చెప్పగలరా?

ఫ్రీమాంట్ పాత విద్యార్థిని సమాధానం:

నమస్కారమండీ. మీ ప్రశ్నలన్నింటిలోకీ ముందు తేల్చుకోవలసింది నివాస అర్హత ఒక్కటే, ఎందుకంటే మీరు ఏ కాలేజీలో, ఏ నెలలో చేరాలన్నది దాన్నిబట్టే నిర్ణయమవుతుంది.

హెచ్-4 వీసా ఉన్నవారు కాలిఫోర్నియాలో స్థిర నివాసం ఏర్పరచుకోవడానికి చట్టరీత్యా అడ్డు లేదు. ఎఫ్-1 (విద్యార్థి), బి-2 (పర్యాటక) వంటి కొన్ని వీసాల వారికే ఆ అవకాశం లేదు. తరగతులు మొదలయ్యే రోజుకు ముందురోజును నివాస నిర్ధారణ తేదీగా తీసుకుంటారు. ఆ తేదీ నాటికి మీరు ఈ రాష్ట్రంలో ఒక సంవత్సరానికి పైగా ఉండి, ఇక్కడే స్థిరపడే ఉద్దేశం ఉన్నట్లు కాగితాలు చూపగలిగితే స్థానికుల ఫీజే కట్టాలి. మీరు ఫోను చేసిన కాలేజీ సెమిస్టర్ పద్ధతిలో (ఏడాదికి రెండు పెద్ద టర్ములు) నడిచేది అయి ఉంటుంది. దాని తరగతులు ఆగస్టులోనే మొదలవుతాయి, అప్పటికి మీకు సంవత్సరం నిండదు. ఆ లెక్కన వారు చెప్పింది నిజమే, కానీ అది ఆ ఒక్క సెమిస్టరుకు సంబంధించిన మాట మాత్రమే.

ఇప్పుడు మీకు పనికొచ్చే సంగతి చెబుతాను. మీకు దగ్గరలో ఉన్న కూపర్టినోలోని డి ఆంజా, లాస్ ఆల్టోస్ హిల్స్‌లోని ఫుట్‌హిల్ కాలేజీలు క్వార్టర్ పద్ధతిలో (ఏడాదిని నాలుగు చిన్న టర్ములుగా విడదీసి) నడుస్తాయి. వాటి ఫాల్ (శరదృతువు) తరగతులు సెప్టెంబరు చివరి భాగంలో మొదలవుతాయి, అప్పటికి మీకు సంవత్సరం దాటుతుంది. ఫ్రీమాంట్‌లోని ఓలోనీ, శాంటాక్లారాలోని మిషన్ కాలేజీ సెమిస్టర్ పద్ధతివి కనుక వాటిలో చేరదలచుకుంటే స్ప్రింగ్ (కొత్త ఏడాది మొదట్లో మొదలయ్యే) టర్ము వరకు ఆగడం మంచిది. మీరు ఉన్న ఊరి కాలేజీలోనే చేరాలన్న నియమం ఏదీ లేదు.

తేడా ఎంతంటే, స్థానికులకు రాష్ట్రమంతటా సెమిస్టర్ యూనిట్‌కు (కోర్సు పరిమాణాన్ని కొలిచే లెక్క) 46 డాలర్లు, క్వార్టర్ యూనిట్‌కు 31 డాలర్లు. నాన్ రెసిడెంట్లు దీనికి అదనంగా కట్టే రుసుము కాలేజీని బట్టి మారుతుంది కానీ, సెమిస్టర్ కాలేజీలలో యూనిట్‌కు సాధారణంగా 300 డాలర్లు దాటుతుంది. మూడు యూనిట్ల కోర్సు ఒకరికి 138 డాలర్లు, ఇంకొకరికి వెయ్యికి పైన. రెండు మూడు వారాల తేడాతో ఇంత భారం నెత్తిన వేసుకోవడం ఎందుకు?

కాగితాల విషయంలో జాగ్రత్త పడండి. సంవత్సరం కిందటి తేదీతో, మీ పేరు మీద ఉన్నవి ముఖ్యం. మీ పేరు కూడా ఉన్న అద్దె ఒప్పందం, ఉమ్మడి బ్యాంకు ఖాతా స్టేట్‌మెంట్లు, ఐటిన్‌తో (సోషల్ సెక్యూరిటీ నంబరు లేనివారికి ఇచ్చే పన్ను నంబరు) మీ వారితో కలిసి వేసిన రాష్ట్ర ఆదాయపు పన్ను రిటర్ను, డి.ఎం.వి. (రాష్ట్ర మోటారు వాహనాల శాఖ) ఇచ్చిన లైసెన్సు లేదా ఐడీ కార్డు సిద్ధం చేసుకోండి. అన్నీ మా వారి పేరు మీదే ఉన్నాయి అనడం మన ఇళ్లలో మామూలు. అలాంటప్పుడు ఇప్పటికి ఉన్నవి పట్టుకుని అడ్మిషన్స్ కార్యాలయానికి వెళ్లి, ఏవి సరిపోతాయో ముందే అడగండి. ఫోనులో కంటే కౌంటరు దగ్గర ఓపికగా చెబుతారు. మధ్యలో కొద్దికాలం ఇండియా వెళ్లివచ్చినంత మాత్రాన నివాసం తెగిపోదు.

దరఖాస్తు సీసీసీ అప్లై అనే ఒకే వెబ్‌సైటులో, ఉచితంగా జరుగుతుంది. అక్కడ అంతర్జాతీయ విద్యార్థుల దరఖాస్తు విడిగా ఉంటుంది. అది ఎఫ్-1 వారిది, మీరు దాని జోలికి వెళ్లవద్దు. మామూలు దరఖాస్తులోనే వీసా రకం హెచ్-4 అని, దాని తేదీలు రాయండి. సోషల్ సెక్యూరిటీ నంబరు లేదని చెప్పే వీలు ఫారంలోనే ఉంది. పేరు మాత్రం ఐ-94 (దేశంలోకి వచ్చినప్పటి ప్రవేశ రికార్డు)లోను, డి.ఎం.వి. కార్డులోను ఎలా ఉందో చూసి, అలాగే అంతటా ఒకే విధంగా రాయండి. ఒకచోట ఎఫ్.ఎన్.యు., మరొకచోట ఇంటిపేరు రాస్తే నివాస పత్రాలు పరిశీలించేటప్పుడు ఇద్దరు వేర్వేరు మనుషుల్లా కనిపిస్తారు.

ఇంకొక మాట. ఆర్థిక సహాయం కోసం దొంగ పేర్లతో దరఖాస్తులు పెట్టే ముఠాల బెడద ఈ కాలేజీలకు కొన్నేళ్లుగా ఎక్కువైంది. అందువల్ల గుర్తింపు నిరూపించుకోమని అడుగుతున్నారు, అనుమానం వస్తే దరఖాస్తును ఆపి ఉంచుతున్నారు. కొద్ది రోజుల్లో విద్యార్థి నంబరుతో ఈమెయిలు రాకపోతే స్పామ్‌లో వెతకండి, అక్కడా లేకపోతే పాస్‌పోర్టు తీసుకుని స్వయంగా వెళ్లండి.

డల్లాస్ మిత్రుడు సమాధానం:

పై సమాధానంలో ఫీజుల సంగతి బాగుంది. అయినా నా అభిప్రాయం వేరు. హెచ్-4లో ఎంత చదివినా చదువుతోపాటు ఉద్యోగం చేసే వీలుండదు. అదే ఎఫ్-1కు మారితే డిగ్రీ పూర్తయ్యాక ఓ.పి.టి. (చదివిన రంగంలో కొంతకాలం పనిచేసే అనుమతి) దొరుకుతుంది. ఐ-140 ఎప్పుడు వస్తుందో తెలియని పరిస్థితిలో, ఈ సోదరి పని అనుమతికి దారి ఉన్న వీసాలో చదవడమే మేలు. నివాస నియమాలు ఒక్కొక్క రాష్ట్రంలో ఒక్కొక్క రకంగా ఉంటాయి కనుక కాలిఫోర్నియా గురించి నేను వాదించను, వీసా గురించే చెబుతున్నాను.

మిల్పిటాస్ టీచరమ్మ సమాధానం:

డల్లాస్ మిత్రులు చెప్పినది ఎం.ఎస్. చేయదలచుకున్నవారి విషయంలో ఆలోచించదగినదే. కానీ ఈమె కోరుకున్న చదువుకు అది నప్పదని నా గట్టి నమ్మకం. ఎఫ్-1కు మారిన మరుక్షణం కాలిఫోర్నియా నివాస అర్హత పోతుంది. ప్రతి టర్ములో కనీసం 12 యూనిట్లు చదివి తీరాలి, వాటిలో ఆన్‌లైన్ తరగతి ఒక్కటే లెక్కకు వస్తుంది. ఇంతా చేసి అసోసియేట్ (రెండేళ్ల) డిగ్రీ పూర్తిచేస్తే దక్కే ఓ.పి.టి. పన్నెండు నెలలే. భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియ నడుస్తుండగా ఎఫ్-1 కోరితే, తిరిగి వెళ్లే ఉద్దేశం ఉందా అన్న ప్రశ్న కూడా ఎదురవుతుంది, న్యాయవాదిని అడగకుండా అడుగు వేయకూడదు. హెచ్-4లో అయితే ఒక కోర్సు చదివినా, నాలుగు చదివినా ఎవరూ ప్రశ్నించరు. ఇంట్లో చిన్నబిడ్డ ఉన్నా, వంటపని ఉన్నా వీలును బట్టి చదువుకోవచ్చు.

నేనూ ఈ కోర్సులే చదివాను కాబట్టి చదువు గురించి కొంత చెబుతాను. ప్రైవేటు ప్రీస్కూళ్లలో పూర్తి అర్హత గల టీచరుగా పనిచేయడానికి రాష్ట్ర లైసెన్సింగ్ నిబంధనలు 12 సెమిస్టర్ యూనిట్లు, దానితోపాటు ఆరునెలల పని అనుభవం కోరతాయి. ఆ యూనిట్లలో పిల్లల ఎదుగుదల, పిల్లలు–కుటుంబం–సమాజం, బోధన ప్రణాళిక అనే మూడు అంశాలు తప్పనిసరి. 12 సెమిస్టర్ యూనిట్లు అంటే 18 క్వార్టర్ యూనిట్లు. డి ఆంజాలో స్థానికుల లెక్కన యూనిట్ల ఫీజు 558 డాలర్లు, చిన్నచిన్న రుసుములు అదనం. ఈ భాగాన్ని మీరు పని అనుమతి రాకముందే నిశ్చింతగా పూర్తిచేయవచ్చు. అనుభవం మాత్రం అనుమతి వచ్చాకే సంపాదించండి. జీతం ఇవ్వవలసిన పనిని స్వచ్ఛంద సేవ పేరుతో చేయించుకునే చోట్లకు, ఎంత ప్రేమగా పిలిచినా, వెళ్లవద్దు. అది మీ వీసాకే ముప్పు.

ట్రాన్‌స్క్రిప్టుల కోసం ఇప్పుడే హడావిడి పడనక్కరలేదు. ఈ కాలేజీలు పద్దెనిమిదేళ్లు నిండినవారిని మార్కులతో పని లేకుండా చేర్చుకుంటాయి. ఏదైనా కోర్సుకు ముందస్తు అర్హత అడిగినప్పుడో, అసోసియేట్ డిగ్రీకి మీ పాత చదువును కలపమని కోరినప్పుడో కోర్సువారీ మూల్యాంకనం కావాలి. కాకపోతే విశ్వవిద్యాలయం నుంచి సీలు వేసిన కవరు రావడానికి ఎంతకాలం పడుతుందో మనందరికీ తెలుసు కాబట్టి, గుంటూరులో ఉన్న తమ్ముడో, అన్నయ్యో వెళ్లగలిగితే దరఖాస్తు ఇప్పుడే పెట్టించండి. కన్సాలిడేటెడ్ మార్క్స్ మెమో, ఒరిజినల్ డిగ్రీ స్కాన్ కాపీలు కౌన్సెలరుకు చూపించడానికి దగ్గర ఉంచుకోండి.

పిల్లలతో పనిచేసే ప్రాక్టికమ్ కోర్సుకు క్షయ పరీక్ష, తట్టమ్మ, కోరింత దగ్గు టీకాల ఆధారాలు అడుగుతారు. మనకు చిన్నప్పుడు వేసిన బి.సి.జి. టీకా వల్ల చర్మం మీద చేసే పరీక్షలో జబ్బు లేకపోయినా పాజిటివ్ రావచ్చు, అప్పుడు ఎక్స్-రే అనీ, మరొకటనీ తిప్పుతారు. మొదటే రక్తపరీక్ష చేయమని డాక్టరును అడగండి.

సన్నీవేల్ గృహిణి:

మీ ఇద్దరికీ, డల్లాస్ అన్నయ్యగారికీ ధన్యవాదాలు. అద్దె ఒప్పందంలో నా పేరు సెప్టెంబరు నుంచే ఉంది, ఉమ్మడి ఖాతా కూడా అదే నెలలో తెరిచాము. డి ఆంజాకే దరఖాస్తు పెడతాను. ఒక్క సందేహం మిగిలింది. రిజిస్ట్రేషన్ తేదీ వచ్చేసరికి నాకింకా సంవత్సరం నిండదు కదా, అప్పుడు సిస్టమ్ నన్ను నాన్ రెసిడెంట్‌గా చూపించి ఎక్కువ ఫీజు వేస్తే ఏం చేయాలి?

ఫ్రీమాంట్ పాత విద్యార్థిని:

లెక్కలోకి వచ్చేది రిజిస్టర్ చేసుకున్న రోజు కాదు, నివాస నిర్ధారణ తేదీయే. దరఖాస్తులో మీరు కాలిఫోర్నియాకు వచ్చిన తేదీ సరిగ్గా రాసి, ఫాల్ క్వార్టర్ ఎంచుకుంటే ఆ తేదీకే లెక్క కడతారు. అయినా నాన్ రెసిడెంట్ అని పడితే, ఫీజు గడువు దాకా ఆగకుండా వర్గీకరణ మార్చమని కోరే ఫారం నింపి పత్రాలతో ఇవ్వండి. ఫీజు బాకీ ఉందని కొన్ని కాలేజీలు సీటు తీసేస్తాయి, కాబట్టి అర్జీ పరిశీలనలో ఉన్నట్లు ఈమెయిలులో తీసుకుని ఉంచుకోండి. తరగతి నిండిపోతే వెయిట్‌లిస్టులో చేరి, మొదటి రోజున తప్పక హాజరు కండి. మొదటి తరగతికి రానివారిని తొలగించే అధికారం అధ్యాపకులకు ఉంది, ఖాళీ అయిన ఆ సీట్లకు వచ్చి కూర్చున్నవారికి యాడ్ కోడ్ (ఆ తరగతిలో చేరడానికి వాడే కోడ్) ఇస్తారు. ఆన్‌లైన్ తరగతి అయితే మొదటి అసైన్‌మెంటు గడువులోగా పంపడమే హాజరు కిందకు వస్తుంది.