పత్తి దిగుమతిపై 11 శాతం సుంకం: మన మిల్లులకు మేలా, కీడా?

దూదిపింజ (ప్రశ్న):
2021 బడ్జెట్‌లో పత్తి దిగుమతి మీద సుంకం వేశారు. అన్నీ కలిపి 11 శాతం. 2022 ఏప్రిల్ 14న ఎత్తేసి, అక్టోబరు తర్వాత మళ్లీ వేశారు. 2025 ఆగస్టు 19న ఇంకోసారి ఎత్తేశారు. మొదట సెప్టెంబరు 30 దాకానే అన్నారు, తర్వాత డిసెంబరు 31కి పొడిగించారు. సుంకం వేస్తే దేశీయ పరిశ్రమకు రక్షణ అని చదువుకున్నాం. ఇక్కడేమో మిల్లులే సుంకం వద్దంటున్నాయి, రైతు సంఘాలు ఉండాలంటున్నాయి. గుంటూరు, చిలకలూరిపేట వైపు స్పిన్నింగ్ మిల్లుకు కిలో నూలు మీద ఈ 11 శాతం ఎన్ని రూపాయలు పడుతుంది? ఎత్తేస్తే రైతుకు క్వింటాలుకి ఎంత పోతుంది? అంకెలతో చెప్పగలిగినవాళ్లు చెప్పండి.

స్పిండిల్:
ముందు ఆ 11 ఎలా వచ్చిందో చూడండి. బేసిక్ కస్టమ్స్ సుంకం 5, వ్యవసాయ మౌలిక సదుపాయాల సెస్సు 5, ఈ పదిలో పదో వంతు సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జి, అంటే 1. దీనిపైన ఐజీఎస్టీ (దిగుమతి మీద వేసే జీఎస్టీ) 5 శాతం కడతారు గానీ అది ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి వస్తుంది. ఈ 11 మాత్రం రాదు, ఖర్చులో కలిసిపోతుంది.

రేవుకు చేరిన దూది కిలో 150 రూపాయలు అనుకుందాం. సుంకం 16.50. బ్లోరూంలో (దూదిని విప్పి దులిపే చోట), కార్డింగ్‌లో (పీచును దువ్వే దశలో) చెత్తా పొట్టి పీచూ పోగా 100 కిలోల దూదికి సుమారు 86 కిలోల కార్డెడ్ నూలు దిగుతుంది. అంటే కిలో నూలుకు 1.16 కిలోల దూది కావాలి, దాని మీద సుంకం 19 రూపాయల పైచిలుకు. పొట్టి పీచును ఇంకోసారి దువ్వి తీసేసిన కోంబ్డ్ నూలైతే 72 కిలోలే దిగుతుంది, భారం 23కి దగ్గరపడుతుంది. వేస్టు అమ్ముకుంటే కొంత తిరిగొస్తుంది, కానీ కిలోకి రెండు మూడు రూపాయలు తేడా వస్తేనే ఆర్డరు చేజారే సరుకు ఇది.

అసలు చిక్కు వేరే చోట ఉంది. బంగ్లాదేశ్, వియత్నాం తమకు కావలసిన పత్తి దాదాపు అంతా బయటి నుంచే తెచ్చుకుంటాయి. బంగ్లాదేశ్‌లో కుట్టిన చొక్కా మన దేశంలోకి 2011 నుంచి సుంకం లేకుండానే వస్తోంది. 2025 మేలో భూమార్గం మూసి నవశేవా, కోల్‌కతా రేవులకు పరిమితం చేశారు, అయినా సుంకం మాత్రం సున్నాయే. ముడిసరుకు మీద 11, తయారైన చొక్కా మీద సున్నా. ఇలా ఉన్నప్పుడు ఆ సుంకం మన తయారీదారు మీదే పడుతుంది. ఏ సుంకమైనా తయారీకి మేలు చేస్తుందో లేదో చూడాలంటే వస్తువు మీద ఎంతుంది, అందులో వాడే సరుకు మీద ఎంతుంది, ఈ రెంటి మధ్య తేడా చూడండి. ఒక్క అంకె చూసి తేల్చలేం.

ఇంకోటి: దిగుమతి దూదంతా ధర కోసం వచ్చేది కాదు. మన పత్తి చేత్తో ఏరినదే అయినా ఎరువుల బస్తాల్లో కుక్కుతారు. బస్తా నుంచి ఊడిన ప్లాస్టిక్ పోగు జిన్నింగ్‌లో (పత్తి నుంచి గింజ వేరుచేసే చోట) తెగి, కార్డింగ్‌లో ఇంకా సన్నగా చీలి, నూలులో కంటికి కనబడదు. రంగు అద్దాక బయటపడుతుంది. ప్లాస్టిక్‌కు రంగు పట్టదు కదా, నేవీ బ్లూ బట్ట మీద తెల్ల గీతలా మిగులుతుంది. అప్పుడు రంగు వేసిన బట్ట మొత్తం వెనక్కొస్తుంది. అందుకే కొందరు విదేశీ కొనుగోలుదారులు శుభ్రమైన ఆస్ట్రేలియా, అమెరికా దూదే వాడాలని షరతు పెడతారు. అలాంటి ఆర్డరుకు సుంకం ఎంత పెంచినా మిల్లు స్థానిక దూదికి మారలేదు. సుంకం కట్టడమో, ఆర్డరు వదులుకోవడమో, అంతే.

నల్లరేగడి:
స్పిండిల్ గారూ, మీ 150 రూపాయల లెక్కనే రైతు వైపు నుంచి చేసి చూడండి.

100 కిలోల పత్తి జిన్నింగ్ చేస్తే 34 కిలోల దూది, 64 కిలోల గింజ, 2 కిలోల తరుగు. గింజ కిలో 35 అనుకుంటే 2,240 వస్తుంది. సుంకం లేకపోతే దూది విలువ 34 × 150 = 5,100. రెండూ కలిపి 7,340. సుంకం ఉంటే దూది 166.50, అప్పుడు మొత్తం 7,901. అంటే క్వింటాలుకి 561 రూపాయల తేడా. జిన్నింగ్, ప్రెస్సింగ్ ఖర్చులు ఇందులోంచి ఇంకా తీయాలి. ఎకరాకి 8 క్వింటాళ్లు దిగిన చేనులో 4,500 దాకా పోయినట్టే. 2025-26కి పొడవు పింజ మద్దతు ధర 8,110. సుంకం ఉన్నా ఈ లెక్కలో మార్కెట్ దాన్ని అందుకోవడం లేదు. సుంకం తీసేస్తే ఇంకా కిందికి జారుతుంది. ఆ గుంత పూడ్చాల్సింది సీసీఐ (మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర సంస్థ, భారత పత్తి సంస్థ).

సీసీఐ కొంటుందిగా అనేవాళ్లు తేమ సంగతి మరిచిపోతారు. 8 శాతం తేమ దాకా పూర్తి ధర. ఆపైన ఒక్కో శాతానికి ధరలో ఒక శాతం, అంటే 81 రూపాయలు కోత. 12 దాటితే కొనరు. అక్టోబరు వానల్లో తడిసిన తొలి తీత 15, 18 చూపిస్తుంది. ఆ పత్తి నేరుగా వ్యాపారి దగ్గరికే పోతుంది, అతను చూసేది మద్దతు ధర కాదు, దిగుమతి దూది ఎంతకు దొరుకుతుందన్నది. ఆదిలాబాద్, వరంగల్ మార్కెట్లకు సరుకు పోటెత్తేది నవంబరు నుంచి జనవరి. 2025లో మినహాయింపును డిసెంబరు 31 దాకా పొడిగించడం సరిగ్గా ఆ నెలల మీద దెబ్బ. ఆగస్టు 27 నుంచి అమెరికా మన వస్త్రాల మీద 50 శాతం వేసింది, మిల్లులకు ఊపిరి కావాలన్నది నిజమే. కానీ ఆ భారం చేను మీదికి తోయడం అన్యాయం.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. సుంకం దిగుబడిని పెంచలేదు. 2020-21లో 352 లక్షల బేళ్లు (బేలు అంటే 170 కిలోల దూది) పండింది, 2024-25కి 300 లక్షల లోపుకు పడింది. మనకు హెక్టారుకు దూది సుమారు 450 కిలోలు, బ్రెజిల్‌లో 1,800 పైనే, అదీ చాలావరకు వర్షాధారమే. గులాబీ పురుగును తట్టుకునే విత్తనం, దగ్గర దగ్గరగా విత్తే పద్ధతి, ఒకేసారి కాపు వచ్చే రకాలు ఇవ్వకుండా ఒట్టి సుంకం ఉంచితే రైతును ఉన్నచోటే నిలబెడుతుంది, ముందుకు నడపదు. అదైనా తీసేస్తే ఉన్నచోట కూడా నిలబడలేడు.

ఎక్స్‌బాండ్:
పై ఇద్దరి లెక్కలూ సరైనవే, కానీ ఒక షరతు మీద. దేశంలో మిగులు ఉండి మనమే ఎగుమతి చేసే ఏడాది లోపలి ధర ఎగుమతి ధరను బట్టి నడుస్తుంది. అప్పుడు 11 శాతం కాగితం మీదే ఉంటుంది. కొరత వచ్చి దిగుమతి తప్పనప్పుడే అది కొరుకుతుంది. అలాగే ప్రపంచ ధరే మండుతుంటే సుంకం తీసినా చల్లారదు. 2022 ఏప్రిల్‌లో తీసేశాక కూడా మేలో క్యాండీ (356 కిలోల దూది) ధర లక్ష రూపాయలు దాటింది.

11 శాతం అందరి మీదా పడదని కూడా గుర్తుంచుకోండి. 32 మిల్లీమీటర్లు దాటిన పింజకు 2024 ఫిబ్రవరి 20 నుంచి మినహాయింపు ఉంది. ఆస్ట్రేలియా ఒప్పందం కింద ఏటా 51,000 టన్నులు, అంటే 170 కిలోల బేళ్లు 3 లక్షలు, సుంకం లేకుండా వస్తాయి. నూలు ఎగుమతి చేసే మిల్లు అడ్వాన్స్ ఆథరైజేషన్ (ఎగుమతి చేస్తానన్న హామీ మీద ముడిసరుకును సుంకం లేకుండా తెచ్చుకునే అనుమతి) తీసుకుంటే సుంకమూ సెస్సూ రెండూ ఉండవు. దిగుమతికి 12 నెలలు, ఎగుమతి బాధ్యత తీర్చడానికి 18 నెలలు, కనీస విలువ జోడింపు 15 శాతం.

చిన్న మిల్లులు బోల్తా పడేది ఇక్కడే. నూలు తిరుపూరుకు అమ్ముతారు, అక్కడివాళ్లు బనీన్లు కుట్టి ఎగుమతి చేస్తారు. ఆ ఎగుమతికి కస్టమ్స్‌లో పెట్టే షిప్పింగ్ బిల్లులో మిల్లు పేరు, ఆథరైజేషన్ నంబరు ముందే పడకపోతే ఆ ఎగుమతి మీ ఖాతాలో జమ కాదు. గడువు దాటితే సుంకంతో పాటు ఏటా 15 శాతం వడ్డీ. అందుకని చాలామంది ఆ దారికే పోరు. 11 శాతం నిజంగా మోసేది దేశీ మార్కెట్‌కు నూలు వడికే చిన్న, మధ్య మిల్లులే.

స్పిండిల్:
నల్లరేగడి గారి నెలల వాదన న్యాయమైనది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా సుంకం ఎత్తేసి, అక్టోబరు నుంచి మార్చి దాకా ఉంచితే ఇద్దరికీ నడుస్తుంది. ఏప్రిల్‌కి పత్తి రైతు చేతుల్లోంచి వెళ్లిపోయి ఉంటుంది, ఆ తర్వాత ధర పెరిగితే లాభం నిల్వదారుకే. ఈ క్యాలెండర్ మూడేళ్లకు ముందే ప్రకటించాలి. అమెరికా, బ్రెజిల్ సరుకు ఎల్‌సీ (అమ్మకందారుకు బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) తెరిచిన నాటి నుంచి మన రేవుకు చేరడానికి నెలన్నర, రెండు నెలలు పడుతుంది. 2025లో మొదట ఇచ్చిన 43 రోజుల్లో కొత్త ఆర్డరు పెట్టి తెప్పించడం కుదిరే పని కాదు. లాభపడింది అప్పటికే సరుకు దారిలోనో, బాండెడ్ గోదాంలోనో (దిగుమతి సరుకును సుంకం కట్టకుండా ఉంచే చోట) ఉన్నవాళ్లు.

నల్లరేగడి:
క్యాలెండర్‌కు అభ్యంతరం లేదు. ఒక్కటి మాత్రం చేర్చాలి: సెప్టెంబరులో దిగిన సుంకం లేని దూది గోదాముల్లో నిండి ఉంటే నవంబరులో మిల్లు కొనదు. కాబట్టి గడువు ఆగస్టు 31కే ముగియాలి.

దూదిపింజ:
అందరికీ ధన్యవాదాలు. చివరిగా ఒక్కటి. గడువు డిసెంబరు 31 అయితే, ఓడ 28న వచ్చి కస్టమ్స్‌లో దిగుమతి బిల్లు జనవరి 2న పెడితే ఏ రేటు?

ఎక్స్‌బాండ్:
జనవరి 2 రేటు. బిల్ ఆఫ్ ఎంట్రీ (ఆ దిగుమతి బిల్లే) దాఖలైన తేదీ, ఓడకు ఎంట్రీ ఇన్‌వర్డ్ (సరుకు దించేందుకు కస్టమ్స్ అనుమతి) ఇచ్చిన తేదీ, ఈ రెంటిలో ఏది తర్వాతిదైతే అదే లెక్క. బిల్లు ముందుగా డిసెంబరు 26నే పెట్టినా, ఎంట్రీ ఇన్‌వర్డ్ జనవరి 1న పడితే జనవరి 1 రేటే. బాండెడ్ గోదాంలో ఉన్న సరుకుకు మాత్రం బయటికి తీసేందుకు పెట్టే ఎక్స్‌బాండ్ బిల్లు తేదీ చూస్తారు. ఓడ ఆలస్యమై సుంకం పడితే ఎవరు భరించాలో అమ్మకందారుతో కాంట్రాక్టులోనే రాయించుకోండి.