డికూయిల్ చెప్పిన తూలే ఐస్‌లాండేనా? అతను వెళ్లి చూశాడా?

ప్రశ్న:
ఐర్లండ్ సన్యాసి డికూయిల్ 825లో లాటిన్‌లో రాసిన 'దే మెన్సూరా ఓర్బిస్ తెర్రే' (భూగోళపు కొలత) చదువుతున్నాను. ఏడో అధ్యాయంలో తూలే (ఉత్తరాన చిట్టచివర ఉందని గ్రీకులు, రోమన్లు చెప్పిన దీవి) సంగతి కళ్లారా చూసినట్టే ఉంది. నిజంగా వెళ్లాడా? అది ఐస్‌లాండేనని ఎలా తేల్చారు? ముందుమాటలో అంకెల కోసం ఖాళీలు వదులుతానంటాడు, అదెందుకు?

జవాబు 1:
వెళ్లలేదు. 30 ఏళ్ల కిందట ఫిబ్రవరి 1 నుంచి ఆగస్టు 1 దాకా అక్కడ ఉండివచ్చిన మతగురువులు చెప్పారని అతనే రాశాడు. అంటే 795 ప్రాంతం. ఐస్‌లాండ్‌లో నార్వే వాళ్లు స్థిరపడటం మొదలైందని చెప్పే 874 కంటే దాదాపు 80 ఏళ్లు ముందు.

బ్రిటన్, ఐర్లండ్ చుట్టుపక్కల దీవుల గురించి మాత్రం కొన్నింటిలో నివసించాను, కొన్నింటిలో అడుగుపెట్టాను, కొన్నింటిని చూశానంతే, కొన్నింటి గురించి చదివానంతే అని నాలుగు రకాలుగా విడదీశాడు. ఏ వాక్యం దగ్గరైనా ఇది ఈ నాలుగింటిలో ఏదని అడుగుతూ చదవండి. తూలే వీటిలో దేనికిందకీ రాదు, అది విన్న మాట. ఈ పుస్తకంలో 'స్కోషియా' అంటే ఐర్లండ్ అనీ గుర్తుంచుకోండి, స్కాట్లండ్ అనుకుంటే దారి తప్పుతారు.

జవాబు 2:
ఐస్‌లాండ్ సంగతి లెక్కతో చూద్దాం. వేసవి అయనాంతం (ఏడాదిలో పగలు అన్నిటికంటే పొడవుండే జూన్ రోజు) దరిదాపుల్లో సూర్యుడు చిన్న గుట్ట చాటుకు వెళ్లినట్టు ఉంటాడనీ, ఆ వెలుతురులో చొక్కాలోని పేలు కూడా ఏరుకోవచ్చనీ ఆ మతగురువులు చెప్పారట. ఆ రాత్రి సూర్యుడు దిగంతం కిందకు ఎంత దిగుతాడో తెలియాలంటే 90లోంచి అక్షాంశాన్నీ, భూమి అక్షం వంపు 23.5నీ తీసేయాలి. ఐస్‌లాండ్ ఉన్న 64 డిగ్రీల దగ్గర 2.5 డిగ్రీలే, కాబట్టి చీకటి పడదు.

ఒక చిక్కుంది. బ్రిటన్‌కూ ఐస్‌లాండ్‌కూ మధ్య 62 డిగ్రీల దగ్గరున్న ఫారో దీవుల్లోనూ 4.5 డిగ్రీలే వస్తుంది, అక్కడా చీకటి పడదు. కాబట్టి వెలుతురు ఒక్కటే రుజువు కాదు. అయితే బ్రిటన్ ఉత్తర దీవుల నుంచి అనుకూల గాలికి రెండు పగళ్లు, రెండు రాత్రుళ్ల ప్రయాణంలో ఉన్న చిన్న దీవులను వేరే చెప్పాడు. ఐర్లండ్ ఏకాంతవాసులు దాదాపు 100 ఏళ్లు అక్కడుండి, ఉత్తరాది దోపిడీదొంగల వల్ల వదిలేశారనీ, ఇప్పుడక్కడ లెక్కలేనన్ని గొర్రెలూ సముద్రపక్షులేననీ అంటాడు. ఫారో అవే అనుకుంటే తూలేకి ఐస్‌లాండే మిగులుతుంది. అక్కడి నుంచి ఉత్తరానికి ఒక రోజు ప్రయాణిస్తే గడ్డకట్టిన సముద్రం వస్తుందన్న మాటా దానికే నప్పుతుంది.

జవాబు 3:
ఖాళీల సంగతి. రోమన్ అంకెల్లో ఒక్క గీత జారినా మైళ్లు మారిపోతాయి. తనకు దొరికిన ప్లినీ (పాత రోమన్ రచయిత) పుస్తకపు ప్రతుల్లో అంకెలు చెడిపోయాయని, సరైనవి దొరికినవాళ్లు నింపుకోవాలని చోటు వదిలాడు. తోచిన సంఖ్య వేసేయకపోవడమే ఇతని గొప్ప. అందుకే పుస్తకంలోని దూరాలను ఈనాటి కిలోమీటర్లలోకి మార్చి తప్పులు పట్టడం అంత న్యాయం కాదు.

అలాగని పాతవాళ్లు చెప్పిందల్లా ఒప్పుకోడు. ఏనుగుకు పడుకోవడం చేతకాదని పాత రోమన్ రచయిత సొలినస్ రాస్తే, ఎద్దులాగే పడుకుంటుంది, షార్లమేన్ చక్రవర్తి కాలంలో ఫ్రాంకుల రాజ్యంలో జనం చూశారు కదా అని కొట్టిపారేశాడు. బాగ్దాద్ ఖలీఫా హారూన్ అల్ రషీద్ పంపగా 802లో షార్లమేన్ ఉండే ఆఖెన్ చేరిన ఏనుగు అది.

పేరుతో జాగ్రత్త. ఇంగ్లండ్‌లోని బోషమ్‌లో ఉన్నాడని ఇంగ్లండ్ చరిత్రకారుడు బీడ్ చెప్పిన డికుల్ వేరే మనిషి, ఏడో శతాబ్దంవాడు.