సోలార్ డ్రైయర్‌లో ఆరిన బత్తాయి తొక్క పెక్టిన్ గడ్డకట్టడం లేదు

నల్లగొండ బత్తాయి తొక్క నుంచి పెక్టిన్ (జెల్లీని గడ్డకట్టించే పదార్థం) తీయడం మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. పద్ధతి: సిట్రిక్ యాసిడ్, పీహెచ్ 2, 85 డిగ్రీలు, గంటసేపు, వడకట్టాక రెండింతల ఇథనాల్.

ట్రే డ్రైయర్‌లో 55 డిగ్రీల దగ్గర ఆరిన తొక్కతో ఇబ్బంది లేదు. 65 శాతం చక్కెర, పీహెచ్ 3 దగ్గర జెల్లీ కత్తితో కోసినా అంచు నిలబడుతుంది. అదే తొక్క సోలార్ డ్రైయర్‌లో ఆరితే పెక్టిన్ గోధుమరంగుకు తిరుగుతోంది, జెల్లీ లేతపాకంలా గిన్నె అంచున జారిపోతోంది. టైట్రేషన్‌లో ఎస్టరిఫికేషన్ (పెక్టిన్ గొలుసుకు మిథైల్ గ్రూపులు అంటుకుని ఉన్న శాతం) 50 లోపే. అంత తగ్గితే చక్కెరతో గడ్డకట్టదు, కాల్షియం కావాలి. కాల్షియం క్లోరైడ్ కలిపితే మాత్రం గడ్డకడుతోంది కాబట్టి గొలుసు తెగలేదు, మిథైల్ గ్రూపులే పోయాయనుకుంటున్నా. డ్రైయర్ మధ్యాహ్నం 60 డిగ్రీలు, రాత్రి 30కి పడిపోతుంది. తొక్క ఆరేది మర్నాడు సాయంత్రానికే.

ముక్కలు సన్నగా తరిగాను, పీహెచ్ 1.8కి దించాను. ఆరబెట్టే ముందు 90 డిగ్రీల నీళ్లలో 3 నిమిషాలు బ్లాంచింగ్ కూడా చేశాను. తేడా లేదు. రంగారెడ్డి, నల్లగొండ రైతులకు అందాలంటే ఎండతోనే పని జరగాలి, కరెంటు డ్రైయర్‌కి మారడం నాకిష్టం లేదు.

లోపలి తెల్లపొరలో పెక్టిన్ మిథైల్ ఎస్టరేజ్ (ఆ మిథైల్ గ్రూపుల్ని తీసేసే ఎంజైమ్) మిగులుతోందని నా అనుమానం. సిట్రస్ తొక్కతో పనిచేసినవాళ్లు చెప్పండి: ఆ ఎంజైమ్ పూర్తిగా చావాలంటే ఎన్ని డిగ్రీల దగ్గర, ఎంతసేపు బ్లాంచ్ చేయాలి?