డార్క్ సోల్స్: ఇంతలా చంపే గేమ్ కోసం జనం ఎందుకు పడి చస్తారు?

కొత్తశవం

రీమాస్టర్డ్ మొదలుపెట్టాను. మొదటి బాస్ (దారికి అడ్డం పడే పెద్ద శత్రువు), అదే ఆ అసైలం డీమన్, ఎలాగోలా అయిపోయింది. ఇప్పుడు ఫైర్‌లింక్ ష్రైన్ అనే చోట పడి ఉన్నా. ఎటు వెళ్ళాలో చెప్పేవాడు లేడు. మ్యాప్ లేదు, క్వెస్ట్ లిస్టు లేదు. శ్మశానం వైపు వెళ్తే అస్థిపంజరాలు నలిపేస్తున్నాయి. లిఫ్టులో కిందికి దిగితే దయ్యాలు, వాటికి నా కత్తి తగలనే తగలదు. ఇదే గేమ్‌ని 2021 గోల్డెన్ జాయ్‌స్టిక్ అవార్డుల్లో అన్ని కాలాల్లోకీ గొప్ప గేమ్ అని జనం ఓట్లేసి గెలిపించారట. వెటకారం కాదు, నిజంగానే అడుగుతున్నా. మీకు ఇందులో ఏం దొరుకుతోంది? స్పాయిలర్లు పర్లేదు, కథ ఎలాగూ ఒక్క ముక్క అర్థం కావట్లేదు.

డాలువెనక

ముందు దారి చెప్తా బ్రో. బాన్‌ఫైర్ (చస్తే మళ్ళీ లేచే మంట) దగ్గర్నుంచి కొండ పక్కన మెట్లు పైకి వెళ్తాయి, అటు ఎక్కు. పైన అన్‌డెడ్ బర్గ్. అక్కడి శత్రువులు నీ స్థాయివాళ్ళు.

ఇక నీ ప్రశ్నకి సగం జవాబు నీ పోస్టులోనే ఉంది. దారి చెప్పేవాడు లేడన్నావు కదా, ఆ అస్థిపంజరాలు చెప్పాయిగా "ఇటు ఇప్పుడు కాదు" అని! వేరే గేమ్ అయితే అక్కడ ఓ కనపడని గోడ పెట్టేది, లేకపోతే "మీ లెవెల్ చాలదు" అని బోర్డు పెట్టేది. ఇక్కడ తలుపు తీసే ఉంటుంది. దమ్ముంటే ఇప్పుడే వెళ్ళొచ్చు కూడా, వెళ్ళేవాళ్ళు ఉన్నారు. శ్మశానంలో మంచి ఆయుధం ఒకటి ఉంది, దానికోసమే పరిగెత్తి పోయి చచ్చి తెచ్చుకుంటారు.

నిప్పురవ్వ

నేను కాస్త ఎక్కువే రాస్తాను, ఓపికుంటే చదవండి.

కష్టమైన గేమ్‌లు దీనికి ముందూ ఉన్నాయి. వాటిలో చాలావాటికీ దీనికీ తేడా చావు దగ్గరుంది. అక్కడ చస్తే కాలం వెనక్కి తిరుగుతుంది, పాత సేవ్ లోడ్ అవుతుంది, ఏమీ జరగనట్టే. ఇక్కడ నువ్వు చచ్చిన మాట ఆ లోకంలో నిలబడిపోతుంది. నీ సోల్స్ (శత్రువుల్ని చంపితే వచ్చేవి, లెవెల్ పెంచుకోడానికీ కొనడానికీ వాడేవి) అన్నీ పడిన చోటే పచ్చగా వెలుగుతూ ఉంటాయి. అక్కడిదాకా వెళ్తే మొత్తం తిరిగి నీవే, దారిలో మళ్ళీ చస్తే శాశ్వతంగా పోయినట్టే. కానీ తీసిన తలుపు తీసే ఉంటుంది, దొరికిన వస్తువు నీ దగ్గరే ఉంటుంది, తన్ని దించిన నిచ్చెన అక్కడే వేలాడుతూ ఉంటుంది. చచ్చి పోగొట్టుకునేది చూస్తే తక్కువ, భయం మాత్రం చాలా ఎక్కువ. ఆ కొలత ఎవరు కుదిర్చారో గానీ చేతికి దణ్ణం పెట్టాలి.

రెండోది, నొక్కిన బటన్‌ని వెనక్కి తీసుకోలేవు. పెద్ద కత్తి ఎత్తావంటే ఆ దెబ్బ పూర్తయ్యేదాకా నువ్వు దానికి కట్టుబడి ఉండాల్సిందే. కంగారులో రోల్ (దొర్లి తప్పించుకునే) బటన్ రెండుసార్లు నొక్కితే రెండో రోల్ కూడా క్యూలో పడి, వద్దనుకున్నప్పుడు దొర్లుతుంది. పచ్చ రంగు స్టామినా బార్ చూడు. కొట్టడం, దొర్లడం, డాలుతో ఆపడం, అన్నీ దాని ఖాతాలోంచే. డాలు ఎత్తి పట్టుకుంటే అది నిండటం కూడా నెమ్మదిస్తుంది. కాబట్టి భయపడి డాలు దించనివాడు చివరికి డాలుతోనే చస్తాడు. ఇంకో రెండు దెబ్బలేస్తే బాస్ పోతాడని ఆశపడతామే, సరిగ్గా అక్కడ పట్టుకుంటుంది. కష్టమైన గేమ్ అనడం కన్నా తొందర్ని క్షమించని గేమ్ అంటాను నేను.

కత్తిమొన

"న్యాయంగా చంపుతుంది" అనే పాట మొదలవబోతోంది కాబట్టి ముందే అడ్డం పడతా. 😀 ఈ గేమ్ నాకూ ప్రాణమే, కానీ అన్నీ న్యాయం కాదు.

కాప్రా డీమన్ గది చూడండి. గుమ్మంలోని పొగ తెర దాటీ దాటగానే రెండు కుక్కలు మీద పడతాయి, గది ఇరుకు, కెమెరా గోడలోకి దూరిపోతుంది. అక్కడ నేర్చుకోడానికి ముందు బతకాలి, బతికే టైం ఇవ్వరు. డెప్త్స్ అనే మురుగు సొరంగాల్లో బాసిలిస్కులనే జీవుల పొగ పీలిస్తే శాపం తగిలి ప్రాణం సగానికి తెగిపోతుంది, అది పోగొట్టుకునే దారి కొత్తవాడికి ఎవరు చెప్పారు? బెడ్ ఆఫ్ కేయాస్ గురించి అసలు మాట్లాడొద్దు. అది బాస్ కాదు, గెంతులాట. అక్కడ పగలగొట్టినవి చచ్చినా పగిలే ఉండేలా చేశారంటేనే తెలుస్తోంది, అది మామూలుగా గెలిచే పోరు కాదని.

ఇంకోటి, బాస్ దగ్గరికి ప్రతిసారీ ఆ పరుగు. పోరాటం కష్టమైతే ఆనందం, నడక పొడుగైతే విసుగు. ఈ రెండిటినీ కలిపి "ఛాలెంజ్" అనేస్తుంటారు మనవాళ్ళు.

నిప్పురవ్వ

కాప్రా విషయంలో ఏమీ అనలేను అన్నా, ఒప్పేసుకుంటున్నా. ఎడమ పక్క మెట్లెక్కేయడం తప్ప దానికి వేరే తత్వశాస్త్రం లేదు.

పరుగు మాత్రం నాకు వృథా అనిపించదు. సెన్స్ ఫోర్ట్రెస్‌లో ఊగే గొడ్డళ్ళ మధ్య మొదటిసారి ప్రాణం అరచేతిలో పెట్టుకుని వెళ్తాం. కొన్నాళ్ళకి వాటి ఊపు చూడకుండానే దాటేస్తాం. లెవెల్ పెరిగింది బొమ్మకి కాదు, మనకి. అది తెలియాలంటే అదే దారిలో మళ్ళీ నడవాలి కదా.

మంత్రగత్తె_కాదు

నా కుడిచేతి వేళ్ళు త్వరగా కదలవు. చిన్నప్పటి నుంచీ అంతే. ప్యారీలు (వచ్చే దెబ్బని సరిగ్గా సమయానికి తిప్పికొట్టడం) గీరీలు నా వల్ల కావు. అయినా గేమ్ పూర్తి చేశాను. సోర్సరీ (మంత్రవిద్య) తీసుకున్నా, దూరం నుంచి సోల్ ఆరో మంత్రం వేసుకుంటూ, అవసరమైతే గేమ్‌లోని సోలైర్ అనే యోధుణ్ణి సాయానికి పిలుచుకుంటూ. ఇన్వేజన్ల (వేరే ఆటగాళ్ళు మన ఆటలోకి దూరి చంపడం) గొడవ వద్దనుకున్నప్పుడు ఆఫ్‌లైన్‌లో ఆడేశా.

ఈజీ మోడ్ లేదని అంటారు గానీ, నా లెక్కలో ఆ మోడ్ మెనూలో లేదు, గేమ్ లోపల ఉంది. మ్యాజిక్, సమన్‌లు (సాయానికి పిలిచేవాళ్ళు), బరువైన కవచం, విషం పూసిన బాణాలు, అన్నీ సదుపాయాలే. వాటిని వాడితే "అది గెలుపు కాదు" అనే పెద్దమనుషులు ప్రతి చర్చలోనూ తగులుతారు. వాళ్ళు చేసిన నష్టం ఏ బాసూ చేయలేదు.

అలాగని అందరికీ ఇదే చాలదు. పాజ్ లేకపోవడం పెద్ద లోటు. అవసరం పడితే ఒక చిట్కా: మెనూలోకి వెళ్ళి క్విట్ కొట్టండి. తిరిగొచ్చాక ఉన్నచోటే ఉంటారు. బాస్ పోరు మధ్యలో అయితే మాత్రం పొగ బయట నిలబెడుతుంది.

డాలువెనక

అక్కా, సోలైర్‌ని పిలవకుండా గార్గాయిల్స్ అనే బాస్‌ల్ని కొట్టామని చెప్పుకునేవాళ్ళలో సగంమంది నేల మీద అతన్ని పిలిచే గుర్తు కనపడక పిలవనివాళ్ళే.

పాతకంట్రోలర్

నాకు గేమ్ అర్థమైంది బాస్ దగ్గర కాదు, లిఫ్టులో. అన్‌డెడ్ పారిష్ చర్చి దాకా వచ్చేసరికి ఎంత దూరం వచ్చేశానో అనిపించింది. ఎస్టస్ (ప్రాణం నింపే మందు) అయిపోయింది, చేతిలో బోలెడు సోల్స్. పక్కన లిఫ్టు కనపడితే ఎక్కేశా. దిగుతూ ఉంది, దిగుతూ ఉంది, మెల్లగా తెలిసిన సంగీతం వినపడింది. ఫైర్‌లింక్! ఇంత తిరిగింది అక్కడి నుంచి నిట్టనిలువుగా పైకేనా అని నోరెళ్ళబెట్టా.

కథ మధ్యలో దొరికే లార్డ్‌వెసెల్ అనే వస్తువు వచ్చేదాకా బాన్‌ఫైర్ల మధ్య ఎగిరే సౌకర్యం లేకపోవడమే ఆ షార్ట్‌కట్‌కి విలువ తెచ్చింది. తర్వాతి గేమ్‌లలో మొదటి నుంచే టెలిపోర్ట్ ఇచ్చేశారు. హాయే, కాదనను. కానీ ఒక లిఫ్టు చూసి అంత సంతోషం మళ్ళీ కలగలేదు.

అర్ధరాత్రి_రోల్

అనోర్ లోండో విలుకాళ్ళ గురించి ఎవరూ ఎత్తలేదేంటి?

తెలియనివాళ్ళ కోసం. గోపురాల మీద, ఒక మనిషి పట్టేంత సన్నటి రాతి దూలం. అటు ఒకడు ఇటు ఒకడు వెండి కవచం వేసుకున్న యోధులు. వాళ్ళ విల్లు మనిషంత ఉంటుంది, బాణం ఈటెంత. తగిలితే ప్రాణం పోకపోయినా మనిషి ఎగిరి లోయలో పడతాడు. నీ బాన్‌ఫైర్ చూస్తే ఎక్కడో వెనక.

మొదట్లో అందరం డాలు పట్టుకుని మెల్లగా నడుస్తాం, ఎగిరిపోతాం. తర్వాత గుడ్డిగా పరిగెత్తుతాం, ఎగిరిపోతాం. అప్పుడు ఆగి చూడటం మొదలవుతుంది. బాణం వదిలాక వాడు మళ్ళీ లాగేందుకు ఎంతసేపు పడుతోంది? ఎడమవాడి బాణం ఏ మలుపు దాకా వస్తోంది? కుడివాడి వైపు ఆగకుండా వెళ్ళి, గోడ మూల దాటి వాడికి దగ్గరగా చేరామా, ఎడమవాడికి మనం కనపడం. దగ్గరికెళ్ళగానే కుడివాడు విల్లు వదిలి కత్తి తీస్తాడు. ఆ అంచు మీద వాడికి ఉన్న చోటే నీకూ ఉంది. వాడు కూడా పడతాడు! అది బుర్రకెక్కిన క్షణం నుంచి ఆట మారిపోయింది నాకు. దూకి కొట్టబోయి తనంతట తనే జారి లోయలో పడినవాడిని చూసి ఎంత నవ్వానో. ఆ బాల్కనీలోంచి లోపలికి దూరి, తలుపు తీస్తే బాన్‌ఫైర్, పక్కన తాపీగా కూర్చున్న సోలైర్. వీడెలా వచ్చాడ్రా బాబూ ఇక్కడికి అని తిట్టుకోని ఆటగాడు ఉండడు.

ఓర్న్‌స్టీన్, స్మౌ అనే జంట బాస్‌ల దగ్గర కూడా ఇదే బుద్ధి. ఇద్దర్నీ ఒకేసారి చూస్తూ కొట్టలేం. స్తంభాన్ని మధ్యలో ఉంచుకుంటూ, సన్నవాడు ఓర్న్‌స్టీన్ దూసుకొస్తే పక్కకి దొర్లి ఒక్క దెబ్బ, ఒక్కటే. ఎవర్ని ముందు చంపినా రెండోవాడు వాడి బలం తాగి, ప్రాణం మొత్తం నింపుకుని లేస్తాడు. అంత అన్యాయం చూసి కూడా మళ్ళీ పొగ దాటామంటే, ఏదో మందు పెట్టారు ఇందులో.

నీడలో_నేను

నాకు నచ్చింది మనుషులు. ఒంటరి గేమే, కానీ నేల నిండా ఎవరో రాసిన మెసేజ్‌లు. "ముందు దాడి జాగ్రత్త" అంటాడొకడు, నిజం. "దూకితే నిధి" అంటాడు ఇంకొకడు, పచ్చి మోసం. రక్తపు మరక తాకితే ఎవరో ఆటగాడి ఆఖరి క్షణాలు ఎర్రటి నీడలా ఆడతాయి.

డైరెక్టర్ మియాజాకి ఒక ఇంటర్వ్యూలో దీని వెనక కథ చెప్పాడు. మంచు పడుతున్న రోజు కొండ దారిలో కార్లు జారుతూ ఆగిపోయాయట. వెనక కారు ముందు కారుని నెట్టింది, ఆ వెనకది దాన్ని నెట్టింది, అలా అందరూ ఎక్కారు. తనూ ఎక్కాడు. దిగి థాంక్స్ చెబుదామంటే ఆగితే మళ్ళీ ఇరుక్కుపోతాడు. ఆ మనుషులు ఎవరో, ఆ తర్వాత ఏమయ్యారో తెలియదు. గేమ్‌లో సమన్ చేస్తే సాయానికి వచ్చినవాడు బాస్ చావగానే మాట్లాడకుండా మాయమవుతాడు చూడండి, అచ్చం అదే.

@కొత్తశవం, కథ అర్థం కావట్లేదన్నావు. చిన్నప్పుడు తనకి పూర్తిగా అర్థంకాని పుస్తకాలు చదువుతూ ఖాళీలని ఊహతో నింపుకునేవాణ్ణని కూడా ఆయనే చెప్పాడు. ఇక్కడ కథంతా వస్తువుల వివరణల్లో ఉంటుంది. ఉంగరం దొరికితే దాని కింద నాలుగు లైన్లు చదువు.

సోఫా_వీరుడు

నేను మధ్యలో వదిలేశాను, బాధేం లేదు. బ్లైట్‌టౌన్ విషపు బురద దగ్గర చాలనిపించింది. ఆఫీసు నుంచి వచ్చాక ఉన్న గంటలో నాకు దెబ్బలు తినాలని లేదు. తర్వాత 2022లో వీళ్ళదే ఎల్డెన్ రింగ్ పట్టుకున్నా, అది పూర్తి చేశా. అక్కడ ఒక బాస్ కుదరకపోతే గుర్రమెక్కి ఇంకో దిక్కుకి పోవచ్చు. ఏడాదిలో 2 కోట్ల కాపీలు ఊరికే అమ్ముడుపోలేదు. కష్టం తగ్గించలేదు, తలుపులు పెంచారు.

కత్తిమొన

బ్లైట్‌టౌన్‌లో వదిలేసినవాళ్ళ సంఘం పెడితే సభ్యులకి కొదవుండదు. పాత కన్సోల్ వెర్షన్‌లో అక్కడ గేమ్ స్లైడ్ షోలా నడిచేది. 2012 పీసీ పోర్ట్ అయితే సెకనుకి 30 ఫ్రేమ్‌లకి కట్టేసి వదిలారు, లోపలి రిజల్యూషన్ 1024x720. ఒక అభిమాని దాన్ని సరిచేసే మోడ్ (చేర్పు ప్రోగ్రామ్) రాస్తే గానీ మనిషి ఆడేలా కాలేదు. 2018 రీమాస్టర్డ్‌లో 60 ఇచ్చారు, కొత్తగా ఆడేవాళ్ళకి అదే నయం.

కొత్తశవం

అందరికీ థాంక్స్. మెట్లెక్కా! బర్గ్ దాటా, టారస్ డీమన్ అయిపోయింది. బురుజు పైన బాణాలేసే ఇద్దర్ని ముందు తీసేసి, పైనుంచి వాడి నెత్తిన దూకా. వంతెన మీద డ్రాగన్ కాల్చేస్తే, కింద నుంచి దారి వెతికి నిచ్చెన తన్ని దించా. ఏం దొరుకుతోందన్న ప్రశ్నకి నాకింకా జవాబు రాలేదు, కానీ నిన్న ఆఫీసులో కూర్చుని ఆ వంతెన గురించే ఆలోచిస్తున్నా.

రెండు డౌట్లు. నైట్ కవచం వేసుకుంటే రోల్ ఎందుకంత మొద్దుగా ఉంది? కమ్మరి ఆండ్రే దగ్గర 20,000 సోల్స్‌కి అమ్ముతున్న క్రెస్ట్ కొనాలా?

డాలువెనక

బరువు. మొత్తం మోయగలిగే దాంట్లో 25 శాతం లోపు ఉంటే చురుగ్గా దొర్లుతావు, 50 లోపు మధ్యస్తం, దాటితే బస్తా పడ్డట్టే. డాలు తేలికది పెట్టుకో, కవచంలో ఒకటి తీసెయ్.

క్రెస్ట్ ఇప్పుడే వద్దు. అంత సోల్స్‌తో ముందు లెవెల్స్, ఆయుధం చూసుకో.

నీడలో_నేను

ఆ క్రెస్ట్ తీసే తలుపు అవతల అడవిలో, చివర ఒక సమాధి ఉంటుంది. దానికి కాపలాగా ఉన్న తోడేలే సిఫ్. ఒక్క మాట విను, ఇప్పుడే చంపకు. లార్డ్‌వెసెల్ వచ్చాక ఆర్టోరియస్ డీఎల్‌సీ (తర్వాత చేర్చిన అదనపు భాగం) తెరుచుకుంటుంది. అందులో సిఫ్‌ని కాపాడి, తర్వాత సమాధి దగ్గరికి రా. పోరు ముందు వచ్చే సీన్ మారిపోతుంది.

కత్తిమొన

వద్దు, మొదటిసారి తెలియకుండానే చంపనివ్వండి. డీఎల్‌సీ తర్వాత ఆడితే అప్పుడు ఇంకా గట్టిగా తగులుతుంది.

నీడలో_నేను

నువ్వు మనిషివేనా అన్నా? కుంటుతున్న తోడేలుని చూసి కూడా ఆ మాట అంటున్నావా?

కత్తిమొన

కుంటుతున్నప్పుడు కొట్టలేక డాలు దించి నిలబడ్డాను, అది మాత్రం ఆగలేదు, చంపేసింది. అందుకే అంటున్నా, వాడినీ చూడనివ్వండి.