అప్‌డేట్: మా మైక్రోమౌస్ పగటిపూట కూడా దారి తప్పడం లేదు

నల్గొండలో మా కళాశాల జట్టు తయారుచేస్తున్న మైక్రోమౌస్ (గడులుగా కట్టిన చిక్కుదారిలో తనంతట తానే గమ్యం వెతుక్కునే చిన్న రోబో) రాత్రి సాఫీగా తిరుగుతూ, పగలు మాత్రం గోడలను ఢీకొంటోందని అడిగాను కదా. మీరు అనుమానించినట్టే అది ఎండ పనే! పడమటి కిటికీలోంచి పడే వెలుగులోనూ పరారుణ కిరణాలుంటాయి; సెన్సర్‌కు అవి మా ఎల్ఈడీ నుంచి వెళ్లి గోడను తాకి తిరిగొచ్చిన పరారుణ కాంతిలాగే కనిపిస్తున్నాయి. ఇప్పుడు ఎల్ఈడీ ఆర్పి ఒకసారి, వెలిగించి ఒకసారి కొలిచి, రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తున్నాం. మిగిలిన తేడానే గోడ. 18 సెంటీమీటర్ల గడి మధ్యలోంచి అది నిటారుగా సాగిపోతుంటే ఎంత సంతోషమో!

దారి వెతకడానికి ఫ్లడ్ ఫిల్ పద్ధతినే ఉంచాం: గమ్యం ఉన్న గడికి సున్నా, మిగతా గడులకు అక్కడి నుంచి దూరం కొద్దీ పెద్ద అంకె, చిన్న అంకె వైపే నడక, కొత్త గోడ కనిపిస్తే మళ్లీ లెక్క. మలుపుల్లో చక్రాలు జారడం ఒక్కటే మిగిలింది. ఏ రబ్బరు బాగా పట్టు ఇస్తుందో తెలిసినవారు చెప్పండి.